ఎండ కాసాక మోగిన హారన్

నాడీన్ చేతిలో హారన్ ఉన్నంతసేపూ ఆ మైదానంలో ఆమెకు అయినవాళ్లు లేరు. కట్టుకున్న రోయిస్ కాదు, కన్న గ్యారెట్ కూడా కాదు.

హారన్ అంటే పెద్ద సరంజామా ఏమీ లేదు. గుప్పిట్లో పట్టే గ్యాసు డబ్బా, పైన ఎర్రటి బూర. మీట నొక్కితే రోడ్డవతల మేస్తున్న ఆవులు కూడా తలెత్తి చూస్తాయి. ఉరుము వినపడగానే దాన్ని మోగించాలి. మోగిందంటే చేతిలో బ్యాటుంటే బ్యాటు, బంతుంటే బంతి అక్కడే పడేసి అందరూ కార్లలోకి పరిగెత్తాలి. ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు నిశ్శబ్దంగా గడిస్తేనే మళ్లీ ఆట. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఏ మూల ఉరిమినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అలబామాలో జూన్ నెల మధ్యాహ్నాల సంగతి తెలిసినవాళ్లెవరూ కోరి ఆ డబ్బా పట్టుకోరు.

పొద్దున లమార్ దాన్ని తీసుకుని తల్లుల దగ్గరికి వచ్చాడు. కుర్రాళ్ల వేసవి బేస్‌బాల్ జట్టుకు కోచ్ లమార్, ఈ షోకేస్ పెట్టించిందీ ఆయనే. "ఎవరో ఒకరు పట్టుకోండమ్మా, లేకపోతే ఇన్సూరెన్సువాళ్లు నా తోలు తీస్తారు" అన్నాడు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడకు సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది. చివరికి నాడీన్ చెయ్యి చాపింది.

చాపింది ధైర్యంతో కాదు, భయంతో. ఆమె చిన్నప్పుడు పెద్దన్న కర్టిస్ చెరువులోంచి అల్యూమినియం పడవను ఒడ్డుకు లాగుతున్నాడు. నెత్తిమీద ఆకాశం నీలంగా ఉంది. మబ్బు అవతలి గట్టు మీద ఎక్కడో ఉంది. "ఇంకా చాలా దూరంలే" అన్నాడు కర్టిస్. అదే ఆఖరి మాట. చేపల బకెట్టు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ నాడీన్, పిడుగు పడి కూలిన అన్న చేతిలో తాడు ఇంకా అలాగే ఉండటం చూసి ఆట పట్టిస్తున్నాడనుకుని నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ అన్నం సహించదు.

షోకేస్ రోజంటే ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు ఏడాదంతా ఎదురుచూసే రోజు. కాలేజీ కోచ్‌లు వచ్చి ఇనప జాలీ వెనక కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కుర్రాళ్లు ఒక్కొక్కరే వాళ్ల ముందు పరిగెత్తాలి, విసరాలి, కొట్టాలి. కంటికి ఆనినవాడికి కాలేజీ జట్టులో చోటు, చదువు ఖర్చు. ఆననివాడికి ఇంటిదారి. వానొచ్చిందని ఇంకో రోజుకు వాయిదా వేద్దామంటే, ఆ ఇంకో రోజున ఆ కోచ్‌లు ఇంకో ఊళ్లో ఉంటారు. అందుకే ఆ వారమంతా ఇళ్లల్లో దేవుడి ప్రార్థన కంటే వాతావరణం వార్తలే ఎక్కువగా విన్నారు.

గ్యారెట్‌కు పదిహేడేళ్లు. వాడు క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చుని, మొహానికి ఇనప ముసుగు తగిలించుకుని, దూసుకొచ్చే ప్రతి బంతినీ పట్టుకునేవాడు. కూర్చున్నచోటి నుంచి లేచి రెండో బేస్‌కు బంతి విసిరాడంటే ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. ఆ విసురు చూడటానికే విట్‌లాక్ అనే కోచ్ పొద్దున్నే కారేసుకుని వచ్చాడు. మూడింటికి బయల్దేరి ఇంకో ఊరి షోకేస్‌కు వెళ్లాలని ముందే చెప్పాడు.

మొదటిసారి హారన్ మోగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి గొణిగారు. వాన పడలేదు సరికదా, చినుకు కూడా లేకుండా ముప్పై నిమిషాలు కార్లలో ఉడికి బయటికొచ్చారు. తండ్రుల్లో ఎవడో ఆమెకు 'పిడుగమ్మ' అని పేరు పెట్టాడు. కాసేపట్లో ఆ పేరు కుర్రాళ్ల దాకా పాకింది. ఆకాశానికి లేని దురద ఈవిడకెందుకని నవ్వుకున్నారు.

మూడోసారి మోగించాల్సి వచ్చింది సరిగ్గా గ్యారెట్ వంతులోనే.

వాడు ఒక్క బంతి విసిరాడు. రెండో బేస్ దగ్గర బంతి చప్పుడైన మరుక్షణం విట్‌లాక్ చేతిలోని వాచీ చూసుకుని కనుబొమలెత్తాడు, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. జాలీ పక్కన నిలబడ్డ రోయిస్ భార్య వైపు తిరిగి బొటనవేలు చూపించాడు. పెళ్లినాటి ఫొటోలో తప్ప అంత నవ్వు ఆ మొహం మీద ఆమె చూడలేదు. అప్పుడు పడమటి నుంచి, పైన్ చెట్ల వెనక నుంచి, గుడగుడమని ఒక చప్పుడొచ్చింది.

నాడీన్ బొటనవేలు మీట మీదికి వెళ్లింది.

"వద్దు నాడీన్" అన్నాడు రోయిస్. "అది లారీ. హైవే మీద లారీ పోతోంది."

"లారీ మబ్బు వేసుకుని రాదు రోయిస్."

"ఇంకో నాలుగు బంతులే! వాడి నాలుగు బంతులు కానియ్యి, నీకు దణ్ణం పెడతాను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాడీన్ కళ్లు మూసుకుని మీట నొక్కింది. విట్‌లాక్ కుర్చీ మడిచి కారు వైపు నడిచాడు. గ్యారెట్ మొహానికున్న ముసుగు తీసి నేలకేసి కొట్టాడు.

ఈసారి వాన వచ్చింది. అలా ఇలా కాదు, పికప్ ట్రక్కు అద్దంలోంచి పక్క కారు కనపడనంతగా వచ్చింది. ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నాడీన్ ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచీ మధ్యలో పెట్టింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"చూశావుగా, వానొచ్చింది" అంది ఆమె, తప్పు తనది కాదని చెప్పుకోవాలనిపించి.

"వచ్చింది. నా నాలుగు బంతులయ్యాక కూడా వచ్చుండేది" అన్నాడు గ్యారెట్. అద్దం వైపు తిరిగి ఉన్నాడు. "నీకసలు ఇష్టం లేదు కదమ్మా?"

"ఏది?"

"నేను ఒకరి కంట్లో పడటం. నేను ఇక్కడ్నుంచి పోవడం. ఉరుము వంక పెట్టుకుని నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుందామని చూస్తున్నావు."

"ఒరేయ్, అమ్మతో అలాగేనా మాట్లాడేది" అన్నాడు రోయిస్. కానీ ఆ గొంతులో కోపం లేదు. కొడుకు తన మాటే అంటున్నట్టు వింటున్నాడు. అది నాడీన్‌కు కొడుకు మాట కంటే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంకోసారి అది మోగిస్తే నేను లేవను" అన్నాడు గ్యారెట్. "టీమంతా పరిగెత్తినా నేను లేవను. అక్కడే కూర్చుంటాను. పిడుగు పడితే పడనీ."

"పిడుగు మాట ఎత్తకురా" అంది నాడీన్. వాడు వినలేదు, లేదా విననట్టు ఊరుకున్నాడు.

రెండు దాటాక వాన తెరిపిచ్చింది. మబ్బు విడిపోయి ఎండ చుర్రుమంది. ఉరుములు తూర్పుకు జారి, జారి, ఆగిపోయాయి. నాడీన్ వాచీ చూసుకుంటూ, ఒక్క నిమిషం కూడా కొసరు వేయకుండా, సరిగ్గా ముప్పై నిమిషాలవగానే చెయ్యెత్తి 'రండి' అని సైగ చేసింది. అందరికంటే ముందు ఆమే మైదానంలోకి పరిగెత్తింది. ఎలాగైనా కొడుకు ఆ నాలుగు బంతులూ విసరాలి. అప్పుడు గానీ వాడు తన కళ్లలోకి చూడడు.

కానీ మైదానం మైదానంలా లేదు. పచ్చిక ఫరవాలేదు. బేస్‌ల మధ్య ఉండే ఎర్రమట్టి మాత్రం మడుగులు కట్టింది. అడుగేస్తే చీలమండ దాకా దిగుతోంది. నీళ్లు పీల్చే మట్టి సంచులు పొద్దున్నే అయిపోయాయి. తండ్రులు బకెట్లతో, స్పాంజీలతో తోడుతున్నారు. ఒకాయన ఆకులూడ్చే గాలి యంత్రం తెచ్చి బురద మీదికి తిప్పాడు. దాని రొదకు పక్కవాడి మాట పక్కవాడికి వినపడటం లేదు. విట్‌లాక్ కారులోనే కూర్చుని తలుపు తెరిచి పెట్టుకున్నాడు. ఒక కాలు బయట ఉంది, ఒక కాలు లోపల ఉంది.

"ఇలా తోడితే రేపటికవుతుంది" అన్నాడు లమార్, నడుం మీద చేతులు పెట్టుకుని. "మా నాన్న కాలంలో ఏం చేసేవాళ్లో తెలుసా? పెట్రోలు పోసి అంటించేవాళ్లు. పావుగంటలో మట్టి గుల్లబారిపోయేది. నా కళ్లతో చూశాను."

"నా ట్రక్కులో రెండు డబ్బాలున్నాయి" అన్నాడు రోయిస్.

నాడీన్ అతని మోచెయ్యి పట్టుకుంది. "రోయిస్, అది మైదానం. పొయ్యి కాదు."

"నువ్వు ఆకాశం సంగతి చూసుకో తల్లీ" అన్నాడు రోయిస్, అందరూ వినేలా. "నేల సంగతి మేం చూసుకుంటాం."

మగవాళ్లు పడీపడీ నవ్వారు. పొద్దుట్నుంచి కార్లలో ఉడికిన ఉక్రోషమంతా ఆ నవ్వులో బయటికొచ్చింది. నాడీన్ చెయ్యి వదిలేసింది. ఆమెకు నచ్చలేదు, కానీ ఇంకోసారి కాదనడానికి నోరు రాలేదు. ఒక రోజులో ఒక మనిషి ఎన్నిసార్లు అడ్డం పడగలదు? ఆ ఎర్రమట్టి పాడైతే పాడవనీ, కొడుకు బంతులు విసిరితే చాలు అనుకుంది.

లమార్ కుర్రాళ్లను కేకేశాడు. "ఒరేయ్, అందరూ మూడో బేస్ డగౌట్‌లోకి పొండి! బూట్లు, ముసుగులు తగిలించుకుని రెడీగా ఉండండి. మట్టి ఆరిందంటే దూకాలి. గ్యారెట్, ముందు నువ్వే!"

డగౌట్ అంటే ఆటగాళ్లు కూర్చునే కొట్టం. అక్కడ దాన్ని నేలలోకి తవ్వి కట్టారు. మూడు మెట్లు దిగితే సిమెంటు గచ్చు, వెనక గోడకు బెంచీ, ముందు బంతి తగలకుండా ఇనప జాలీ. ఎక్కినా దిగినా ఒకటే దారి. కుర్రాళ్లు అందులో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఉమ్ముతూ ఉంటారు. గచ్చు మూల నీళ్లు పోయే తూము ఒకటుంది గానీ ఏళ్ల తరబడి ఉమ్మిన పొట్టుతో అది ఎప్పుడో పూడిపోయింది.

అవతల మగవాళ్లు మడుగు మడుగుకూ పెట్రోలు కుమ్మరిస్తున్నారు. నాడీన్‌కు ట్రక్కులో గ్యారెట్ పొడి మేజోళ్లు ఉన్న సంగతి గుర్తొచ్చింది. తడి మేజోళ్లతో వాడి కాలు జారుతుంది. అవి ఇవ్వడం ఒక వంక, వాడితో ఒక మాట మాట్లాడటం అసలు సంగతి. మేజోళ్లు ఒక చేత్తో, హారన్ ఒక చేత్తో పట్టుకుని డగౌట్ మెట్ల దగ్గరికి వచ్చింది.

"పిడుగమ్మొచ్చింది రోయ్!" అని లోపల్నుంచి ఎవడో గొంతు మార్చి అరిచాడు. అందరూ కిసుక్కుమన్నారు. ఒకడు మాత్రం మర్యాదగా లేచి, "ఇప్పుడేం ఉరమలేదు కదా, మిస్ నాడీన్?" అని అడిగాడు.

"లేదు నాయనా" అంది ఆమె. ఒక మెట్టు దిగింది. అప్పుడు వాసన వేసింది.

బయట కూడా ఆ వాసన ఉంది. కానీ ఇక్కడ చిక్కగా, గొంతులో పూసినట్టుగా ఉంది. ఆమె కిందికి చూసింది. గచ్చు మీద నీళ్లు మడమల లోతున నిలిచాయి. నీళ్ల మీద గింజల పొట్టు తేలుతోంది. పొట్టు చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు మెల్లగా తిరుగుతున్నాయి. ఆమె వెనక్కి తిరిగి మైదానం వైపు చూసింది. మూడో బేస్ దగ్గరి మడుగు నుంచి సన్నటి ధార ఒకటి సున్నపు గీత వెంబడి పల్లానికి జారుకుంటూ వస్తోంది. వచ్చి మొదటి మెట్టు మీద నుంచి లోపలికి దిగుతోంది. పెట్రోలు మట్టిలో ఇంకలేదు. నీళ్ల మీద తేలి, నీళ్లతోపాటే వచ్చేసింది.

రోయిస్ వెల్డింగు పని చేస్తాడు. ఇంటి వెనక షెడ్డులో డబ్బా ఒలికినప్పుడల్లా అతను కొడుక్కి ఒకే పాఠం చెప్పేవాడు. "పెట్రోలు ఆవిరి పొగలాగ పైకి పోదురా. నేలబారున పాకుతుంది. పల్లం ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. మంట దాన్ని వెతుక్కుంటూ వస్తుంది." చెప్పినవాడే ఇవాళ దాన్ని మర్చిపోయాడు.

లోపల పన్నెండు మంది దాకా కుర్రాళ్లున్నారు. ఒకడు బెంచీ మీద పడుకుని ఉన్నాడు. ఇద్దరు కాళ్లతో నీళ్లు ఒకరి మీదికొకరు చిమ్ముకుంటున్నారు. 'పెట్రోలు, బయటికి రండి' అంటే లేస్తారా? 'ఎక్కడ, ఏదీ' అంటారు, వంగి చూస్తారు, సంచులు సర్దుకుంటారు. అవతల గాలి యంత్రం రొద ఆగలేదు. ఆడమనిషి కేక మొదటి బేస్ దాకా పోదు. అక్కడ రోయిస్ నిలబడి ఉన్నాడు. రోడ్డు మీద బండి చెడిపోతే వెలిగించి పెట్టే ఎర్ర మంట కడ్డీ అతని చేతిలో ఉంది. మూత ఇంకా తియ్యలేదు.

ఆమె హారన్ పైకెత్తి నొక్కింది.

పొద్దుట్నుంచి మోగి మోగి ఆ చప్పుడు కుర్రాళ్ల కాళ్లకు అలవాటైపోయింది. తల ఆలోచించే లోపే కాళ్లు లేచాయి. నీలాకాశం కింద, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, ఒకడినొకడు తోసుకుంటూ నాడీన్ పక్కనుంచి మెట్లెక్కి కార్ల వైపు పరిగెత్తారు. ఒక్కొక్క తల దాటుతుంటే ఆమె లోలోపల ఒక్కొక్క ఊపిరి వదిలింది.

డగౌట్ ఖాళీ అయింది. బెంచీ చివర గ్యారెట్ మాత్రం కూర్చునే ఉన్నాడు.

చేతులు కట్టుకుని, మొహానికి ముసుగు దించుకుని, కాళ్లు బారజాపుకుని ఉన్నాడు. "చెప్పానా లేదా?" అన్నాడు. "నేను లేవను."

"గ్యారెట్, లేవరా!"

"ఆకాశం చూడమ్మా. ఒక్కసారి తలెత్తి చూడు. ఏముంది అక్కడ?"

నాడీన్ ఆకాశం చూడలేదు. మొదటి బేస్ వైపు చూసింది. రోయిస్ హారన్ విన్నాడు. వినపడిందన్నట్టు నవ్వి, ఆమె వైపు తిరగకుండానే ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత కార్ల వైపు పోతున్న కుర్రాళ్ల గుంపును చూశాడు. చూసి తృప్తిగా తలాడించాడు. కుర్రాళ్లు దూరంగా పోయారు కదా, ఇంక భయం లేదు అనుకున్నాడని ఆమెకు అంత దూరం నుంచీ తెలిసిపోయింది. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి మొహంలో ఏముందో ఆమెకు ఒకరు చదివి చెప్పనక్కర్లేదు. అతను కడ్డీ మూత తీసి గీశాడు. ఎర్రటి మంట బుస్సుమంది.

మిగతా పిల్లలందరినీ కాపాడిన హారనే తన కొడుకు మీదికి మంటను తొందరపెట్టింది.

అతని దగ్గరికి పరిగెత్తాలంటే మైదానం అడ్డంగా దాటాలి. అంత వ్యవధి లేదు. ఆమె హారన్, మేజోళ్లు అక్కడే పారేసి మెట్లు దిగింది. గుడ్డ బూట్లలోకి చల్లగా నీళ్లు దూరాయి. నీళ్లు కావవి. కొడుకు ఛాతీకి కట్టుకున్న కవచం పట్టీ పట్టుకుని రెండు చేతులతో లాగింది. వాడు ఆమెకంటే రెండింతలు ఉంటాడు. కదల్లేదు.

"వదులమ్మా! పరువు తీస్తున్నావు!"

"పెట్రోలురా! కింద చూడరా, కింద!"

వాడు కిందికి చూశాడు. కాళ్ల చుట్టూ తిరుగుతున్న రంగులు చూశాడు. షెడ్డులో విన్న పాఠం వాడికీ వచ్చు. ముసుగు జాలీ వెనక ఆ పదిహేడేళ్ల మొహం చటుక్కున నాలుగేళ్ల మొహమైపోయింది. "అమ్మా" అన్నాడు.

పరిగెత్తారు. వాడి బూట్ల కింద ఇనప ముళ్లున్నాయి. అడుగు పడ్డప్పుడల్లా ఇనుము సిమెంటును గీరిన చప్పుడు. టక్కు. టక్కు. ఒక్క నిప్పురవ్వ చాలు. ప్రతి అడుగుకూ నాడీన్ ప్రాణం పోయి వచ్చింది. రెండో మెట్టు మీద వాడి కాలు జారి మోకాలి మీద పడ్డాడు. తడి మేజోళ్లు. ఆమె చంకలో చెయ్యి వేసి లేపింది. ఎలా లేపిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. మెట్లు దాటారు, పచ్చిక మీద పడ్డారు, లేచి ఇంకా నాలుగడుగులు వేశారు.

వెనక 'వుఫ్' మని ఒక చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు, పెద్ద జంతువు ఊపిరి తీసుకున్నట్టుంది. ఎర్రమట్టి మీద నీలపు మంట కంటికి ఆనీ ఆననట్టుగా పరుచుకుంది. పరుచుకుని, మూడో బేస్ దగ్గర మలుపు తిరిగి, గీత వెంబడి ధారను పట్టుకుని, మనిషి పరుగు కంటే వేగంగా మెట్లు దిగింది. డగౌట్ జాలీలోంచి పసుపు మంట ఒక్కసారి బయటికి ఎగిసింది. గ్యారెట్ కూర్చున్న బెంచీ ఆ మంటలో కనిపించలేదు.

నాడీన్ ఆ బెంచీ వైపే చూస్తూ నిలబడిపోయింది. అందుకే తన ఎడమ బూటు అంటుకున్న సంగతి ముందు చూసింది ఆమె కాదు, గ్యారెట్.

వాడు ఆమెను పచ్చికలోకి తోసేసి, చేతికున్న మందపాటి తోలు గ్లవ్‌తో ఆ కాలిని అదిమి పట్టాడు. అదిమి, తడి గడ్డికేసి రాచి, మళ్లీ అదిమాడు. "అమ్మా, అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. విట్‌లాక్ కారు దిగి, పెద్ద నీళ్ల డబ్బా ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ల మీద మొత్తం కుమ్మరించాడు. తర్వాత ఆయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. మూడైంది, దాటింది. ఆయన వాచీ చూసుకోలేదు.

ఫైరింజన్ వచ్చింది. మంట ఆరింది. ఎర్రమట్టి నల్లటి పెంకు కట్టింది, ఈ ఏడాది దాని మీద ఎవరూ ఆడలేరు. డగౌట్‌లో కుర్రాళ్ల సంచులు, బ్యాట్లు, నీళ్ల సీసాలు కరిగి ఒకే ముద్దయ్యాయి. అంబులెన్సులో వచ్చిన కుర్రాడు నాడీన్ కాలికి తడి గుడ్డ చుట్టి, "బొబ్బలేనమ్మా, అదృష్టం. అయినా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి" అన్నాడు. లమార్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, పోలీసు పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

రోయిస్ మాత్రం మొదటి బేస్ దగ్గరి నుంచి కదల్లేదు. మంట చేతిలోంచి వదిలాకే అతనికి డగౌట్ ముందు భార్యా కొడుకూ కనిపించారు. వదిలినదాన్ని వెనక్కి తీసుకోవడానికి చాపిన చెయ్యి ఇంకా అలాగే కాస్త ముందుకు ఉంది.

అప్పుడు పడమటి నుంచి మళ్లీ గుడగుడమంది.

హారన్ లేదు. అది డగౌట్‌లో పేలిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, లారీ అని ఎవరూ అనలేదు. మైదానంలో ఉన్న ప్రతి మనిషీ తల దించుకుని తన కారు వైపు నడిచాడు. గ్యారెట్ తల్లిని ట్రక్కెక్కించి, మళ్లీ మైదానంలోకి వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, పద. ఉరిమింది" అన్నాడు. రోయిస్ చిన్నపిల్లాడిలా వెంట వచ్చాడు.

ముగ్గురూ మళ్లీ అదే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వేరుశెనక్కాయల సంచీ ఇంకా మధ్యలోనే ఉంది. రోయిస్ తాళం పెట్టబోయాడు. తాళం జారి కింద పడింది. మళ్లీ తియ్యలేదు.

"ఖాళీ అనుకున్నాను" అన్నాడు. "పిల్లలందరూ పోయారు కదా... నువ్వు హారన్ కొట్టావు కదా... ఖాళీ అనుకున్నాను నాడీన్."

"తెలుసు" అంది ఆమె. అతని చేతుల నుంచి పెట్రోలు వాసన కొడుతోంది. తన కాళ్ల నుంచీ కొడుతోంది. ఆమె అద్దం దించింది. వాన జల్లు లోపలికి కొట్టి ముగ్గురి మొహాల మీదా పడింది. ఎవరూ తుడుచుకోలేదు.

గ్యారెట్ ఒళ్లో ఆ గ్లవ్ ఉంది. తోలు మాడి, అరచెయ్యి దగ్గర ముడుచుకుపోయి ఉంది. ఇంక దానిలో బంతి నిలవదు. వాడు దాన్ని పక్కన పెట్టి తల్లి చొక్కా అంచు పట్టుకున్నాడు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని అలాగే పట్టుకునేవాడు. ఈ వాసన, ఈ పట్టుకోవడం తన జన్మంతా తనతో ఉంటాయని నాడీన్‌కు భయమేసింది. కర్టిస్ చేతిలో తాడు ఉండిపోయినట్టే ఇదీ ఉండిపోతుంది. కానీ ఈ చెయ్యి వెచ్చగా ఉంది.

దగ్గరలోనే ఉరిమింది.

"టైమ్ చూసుకో అమ్మా" అన్నాడు గ్యారెట్. "మళ్లీ మొదట్నుంచి."

నాడీన్ వాచీ చూసుకుంది. వాన తగ్గింది. ఉరుములు తూర్పుకు పోయాయి. పక్కనున్న కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి, మైదానంలో ఎండ కాసింది. ముప్పై నిమిషాలూ అయిపోయాయి. ముగ్గురిలో ఎవరూ తలుపు తియ్యలేదు.